గ్లైడర్ ఫ్లైట్ లాగ్ తెరుచుకోవడం లేదా? ఐజీసీ ఫైలునీ వ్యూయర్‌నీ వరసగా సరిచూసుకునే పద్ధతి

హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడర్ ఎగరేసి వచ్చినవాళ్లు, జర్మనీలోనో ఆస్ట్రేలియాలోనో గ్లైడింగ్ క్లబ్బులో చేరిన మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "ఫైలు ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ ఫ్లైట్ కనబడట్లేదు. ఏం చేయాలి?" కనబడినా ఎత్తు సున్నా అనో, టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి ఉందనో, మ్యాప్ ఆఫ్రికా దగ్గర తెరుచుకుందనో అంటారు. ఆ ఫైలే ఐజీసీ ఫైలు: గ్లైడర్ ఎగిరిన దారిని రికార్డర్ అనే చిన్న యంత్రమో, ఫోన్ యాప్‌నో నమోదు చేసేది. దాన్ని మ్యాప్ మీద చూపించే సాఫ్ట్‌వేరే వ్యూయర్.

దాదాపు అందరూ మొదట చేసే పని సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. అది ఆఖరున చేయాల్సిన పని. నా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో చాలావాటికి తప్పు వ్యూయర్‌లో లేదు. ఫైలులో ఉంది, లేదా ఫైలును వ్యూయర్ ఎలా చదవాలో చెప్పే సెట్టింగ్‌లో ఉంది. కాబట్టి ముందు ఫైలు, తర్వాత సెట్టింగులు, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. కింది అంచెలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. మధ్యలో దూకకండి.

1. మొదలుపెట్టే ముందు

అన్నిటికన్నా ముందు అసలు ఫైలును కాపాడుకోవాలి. ఐజీసీ ఫైలు చివర డిజిటల్ సంతకం ఉంటుంది. ఫైలు తెరిచి పొరపాటున ఒక్క అక్షరం మార్చి సేవ్ చేసినా ఆ సంతకం చెల్లదు. రికార్డు కోసమో, బ్యాడ్జి కోసమో, పోటీ కోసమో ఎగిరిన ఫ్లైట్ అయితే అంతటితో పోయినట్టే.

- రికార్డర్ నుంచి దింపిన ఫైలును ఒక ఫోల్డర్‌లో పెట్టి, ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ టిక్ పెట్టండి.
- దాని కాపీ మరో ఫోల్డర్‌లో పెట్టుకోండి. పరీక్షలన్నీ కాపీ మీదే.
- రికార్డర్ మెమరీలోని ఫ్లైట్‌ను ఇప్పుడే చెరిపేయకండి. పని పూర్తయ్యేదాకా అక్కడే ఉండనివ్వండి.
- బాగా తెరుచుకుంటుందని మీకు తెలిసిన పాత ఐజీసీ ఫైలు ఒకటి పక్కన పెట్టుకోండి. లేకపోతే క్లబ్బులో ఎవరినైనా అడిగి తీసుకోండి.
- రెండో వ్యూయర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. సీయూ అనే వ్యూయర్ వాడేవాళ్లు ఎక్స్‌సీసోర్ పెట్టుకోవచ్చు, అది ఉచితం. బ్రౌజర్‌లో నడిచే వ్యూయర్లు కూడా ఉన్నాయి.

2. తప్పు ఫైలుదా, వ్యూయర్‌దా? రెండు నిమిషాల పరీక్ష

ముందు మీ వ్యూయర్‌లో ఆ పాత మంచి ఫైలు తెరవండి. తర్వాత తెరుచుకోని ఫైలును రెండో వ్యూయర్‌లో తెరవండి.

- మంచి ఫైలు తెరుచుకుంది, మీ ఫైలు రెండు చోట్లా తెరుచుకోలేదు: తప్పు ఫైలుది. మూడో అంచెకు వెళ్లండి.
- మంచి ఫైలు కూడా మీ వ్యూయర్‌లో తెరుచుకోలేదు: తప్పు వ్యూయర్‌ది. తొమ్మిదో అంచె చూడండి.
- మీ ఫైలు ఒక వ్యూయర్‌లో తెరుచుకుంది, ఇంకోదానిలో తెరుచుకోలేదు: ఫైలులో చిన్న లోపమేదో ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తోంది, రెండోది పట్టుబడుతోంది. నాలుగో అంచె మీకోసమే.

ఈ పరీక్ష చేయకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. మార్చాక ఏది దేనివల్ల జరిగిందో తేలదు.

3. ఫైలు పేరు, ఎక్స్‌టెన్షన్

ఐజీసీ ఫైలంటే మామూలు టెక్స్ట్ ఫైలే. అందుకే మెయిల్‌లో, డ్రైవ్‌లో, ఫోన్‌లో చేతులు మారేటప్పుడు దాని పేరు చివర డాట్ టీఎక్స్‌టీ చేరిపోతుంటుంది. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది కాబట్టి మీకు పేరు సరిగ్గానే కనబడుతుంది. వ్యూయర్‌కు మాత్రం అది ఐజీసీ ఫైలు కాదు.

విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న వరసలో టిక్ పెట్టండి. ఇప్పుడు అసలు పేరు కనబడుతుంది. చివర అదనంగా చేరింది తీసేయండి. పేరు మార్చితే సంతకం చెడదు, ఆ భయం అక్కర్లేదు. లోపలి అక్షరాలు మారితేనే చెడుతుంది.

ఇంకో రెండు చూడండి. జిప్ ఫైలును విప్పకుండా నేరుగా తెరుస్తున్నారేమో. అలాగే ఫైలు ఉన్న ఫోల్డర్ పేరు తెలుగులో ఉందేమో. కంప్యూటర్‌లో యూజర్ పేరే తెలుగులో పెట్టుకున్నవాళ్లకు పాత సాఫ్ట్‌వేర్లలో ఈ ఇబ్బంది వస్తుంది. ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్‌లోకి, సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేసి చూడండి.

పాత రికార్డర్లు కొన్ని ముందుగా తమ సొంత బైనరీ ఫైలునే ఇస్తాయి. దాని పేరు చివర ఐజీసీ అని మీరు మార్చినా లాభం లేదు. తయారీదారు ఇచ్చిన మార్పిడి ప్రోగ్రామ్‌తో ఐజీసీగా మార్చాలి. అలాంటి ప్రోగ్రాములు చాలావరకు డాస్ కాలం నాటివి, 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. డాస్‌బాక్స్‌లో నడిపించి చూడండి.

పొట్టి పేర్ల గురించి ఒక మాట. ఎనిమిది అక్షరాల పాత తరహా పేరులో మొదటిది సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, మూడోది తేదీ. పది నుంచి పైనున్న నెలలకు, తేదీలకు అక్షరాలు వాడతారు: ఎ అంటే 10, బి అంటే 11, అలా వి అంటే 31. కాబట్టి 5, ఎ, హెచ్ అని మొదలైతే అక్టోబర్ 17. కానీ 2015దా, 2025దా అన్నది పేరును బట్టి చెప్పలేం. పాత ఫైళ్లు సర్దుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. సంవత్సరం కోసం లోపలి తేదీ లైను చూడాల్సిందే.

4. ఫైలును మీరే చదవండి

ఈ గైడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన అంచె ఇదే. కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. భయపడాల్సిందేమీ లేదు. ప్రతి లైను మొదటి అక్షరం ఆ లైను ఏమిటో చెప్పేస్తుంది. ఫైలులో అవన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలే, ఇక్కడ నేను పలికే తీరులో రాస్తున్నాను.

- ఎ లైను: మొట్టమొదటిది. రికార్డర్ తయారీదారు కోడ్, ఆ యంత్రం సీరియల్.
- హెచ్ లైన్లు: తేదీ, పైలట్ పేరు, గ్లైడర్ రకం, జీపీఎస్ వివరాలు.
- ఐ లైను: బి లైన్ల చివర అదనంగా ఏమేం ఉన్నాయో, ఏ స్థానంలో ఉన్నాయో చెప్పేది.
- సి లైన్లు: ముందుగా ప్రకటించిన టాస్క్, అంటే ఎగరబోయే దారి.
- బి లైన్లు: అసలు ప్రయాణం. ఒక్కో లైను ఒక్కో ఫిక్స్, అంటే ఆ క్షణంలో గ్లైడర్ ఎక్కడుందో చెప్పే నమోదు.
- ఎల్ లైన్లు: యంత్రం రాసుకున్న వ్యాఖ్యలు.
- జి లైన్లు: సంతకం. చివర్లో ఉంటాయి.

ఇప్పుడు ఒక బి లైనును దగ్గరగా చూద్దాం. బిల్లింగ్ టేకాఫ్ దగ్గర ఇలా ఉండవచ్చు. ఫైలులో ఖాళీలు ఉండవు, అర్థం కావడానికి నేను విడదీశాను.

బి 060215 3203300ఎన్ 07644900ఈ ఎ 02412 02371

మొదటి ఆరు అంకెలు టైమ్: 06 గంటల 02 నిమిషాల 15 సెకన్లు. ఇది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం. మన టైమ్ కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం 11:32:15.

తర్వాతిది అక్షాంశం. 32 డిగ్రీల 03.300 నిమిషాలు ఉత్తరం. ఆ వెంటనే రేఖాంశం, 76 డిగ్రీల 44.900 నిమిషాలు తూర్పు. చివరి మూడంకెలు నిమిషంలో వెయ్యో వంతులు, సెకన్లు కావు.

ఆ తర్వాత ఉన్న ఒంటరి ఎ చాలా ముఖ్యం. ఎ ఉంటే జీపీఎస్ త్రీడీ ఫిక్స్ దొరికిందని అర్థం. దాని చోట వి ఉంటే ఎత్తు సరిగా అందలేదని, జీపీఎస్ ఎత్తును నమ్మవద్దని అర్థం.

చివర రెండు ఎత్తులు, రెండూ మీటర్లలోనే. మొదటిది గాలి పీడనం నుంచి వచ్చిన ఎత్తు 2412. రెండోది జీపీఎస్ ఎత్తు 2371. ఈ రెండూ వేరుగా ఉన్నాయంటే యంత్రం చెడిందని కాదు. ఎందుకు వేరో ఆరో అంచెలో చెబుతాను.

మొత్తం కలిపితే 35 అక్షరాలు. ఐ లైనులో అదనపు వివరాలు ప్రకటించి ఉంటే బి లైను ఇంకా పొడవుగా ఉంటుంది. ఒకే ఫైలులోని బి లైన్లన్నీ ఒకే పొడవు ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో స్క్రోల్ చేస్తూ పోతే పొట్టి లైను ఇట్టే కంటబడుతుంది, కుడి అంచు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. పట్టుబట్టే వ్యూయర్లు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి.

ఫైలు చదివేటప్పుడు ఈ చెక్‌లిస్ట్ పక్కన పెట్టుకోండి.

- మొదటి అక్షరం ఎ యేనా? దాని ముందు ఖాళీ లైను గానీ, వింత గుర్తులు గానీ ఉన్నాయా?
- తేదీ లైను ఉందా? హెచ్‌ఎఫ్‌డీటీఈ అని మొదలవుతుంది.
- బి లైన్లు వందల్లోనో వేలల్లోనో ఉన్నాయా, పదో ఇరవయ్యో ఉన్నాయా?
- బి లైన్లలో ఎ ఎక్కువగా ఉందా, వి ఎక్కువగా ఉందా?
- చివర జి లైన్లు ఉన్నాయా?
- పైలట్ పేరు లైనులో తెలుగు అక్షరాలు ఉన్నాయా?

ఆ ఆఖరి ప్రశ్న మనవాళ్లకు ప్రత్యేకం. ఫోన్ యాప్ ప్రొఫైల్‌లో పేరు తెలుగులో రాసుకుంటే అది అలాగే ఫైలులోకి వెళ్లే అవకాశం ఉంది. ఐజీసీ ఫార్మాట్ తయారైంది మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెల కోసం. కొన్ని వ్యూయర్లు ఆ లైను దగ్గర పిచ్చి గుర్తులు చూపిస్తాయి, కొన్ని ఫైలునే వద్దంటాయి. మన పేరు మన లిపిలో ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు, నాకూ అదే ఇష్టం. కానీ ఈ ఒక్క చోట ఇంగ్లీషులోనే పెట్టండి.

తేదీ లైనులోనూ ఒక చిక్కుంది. పాత పద్ధతిలో ఆ మాట వెంటనే ఆరంకెల తేదీ వస్తుంది. కొత్త రికార్డర్లు మధ్యలో డేట్ అన్న మాట, కోలన్ పెట్టి, తేదీ తర్వాత కామా, ఆ రోజు ఎన్నో ఫ్లైట్ అన్న అంకె కూడా రాస్తాయి. రెండూ సరైనవే. కానీ చాలా ఏళ్లుగా అప్‌డేట్ చేయని వ్యూయర్‌కు కొత్త పద్ధతి తెలియక తేదీ లేదని చెబుతుంది. అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా. ఐజీసీ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సరిచేద్దామని చూడకండి. లైన్లను నిలువు గడులుగా విడదీస్తే అంకెల ముందున్న సున్నాలను అది ఊడబెరుకుతుంది. 060215 కాస్తా 60215 అవుతుంది, ఆ తర్వాత ఏ వ్యూయరూ దాన్ని చదవలేదు.

5. ట్రాక్ వచ్చింది, టైమ్ తప్పు

అయిదున్నర గంటలు వెనక్కి ఉంటే అది తప్పు కాదు. ఫైలులో ఎప్పుడూ యూటీసీయే ఉంటుంది. వ్యూయర్ సెట్టింగుల్లో టైమ్ జోన్‌ను మీరు ఎగిరిన చోటికి మార్చండి, మీరిప్పుడు కూర్చున్న చోటికి కాదు. హైదరాబాద్‌లో కూర్చుని జర్మనీ ఫ్లైట్ చూస్తుంటే వేసవిలో యూటీసీకి రెండు గంటలు కలపాలి.

ఫ్లైట్ మధ్యలో తేదీ మారడం ఇంకో సమస్య. మన దేశంలో ఇది ఎదురుకాదు, ఎందుకంటే యూటీసీ అర్ధరాత్రి మనకు తెల్లవారుజాము 5:30. కానీ ఆస్ట్రేలియాలో సిడ్నీ వైపు వేసవిలో ఉదయం 11 గంటలకు యూటీసీ తేదీ మారుతుంది. పదిన్నరకు టేకాఫ్ అయితే అరగంటకే బి లైన్లలో టైమ్ 235959 నుంచి 000000కు వస్తుంది. అమెరికాలో నెవాడా వైపు వేసవి సాయంత్రం 5 గంటలకు అదే జరుగుతుంది. మంచి వ్యూయర్ దాన్ని అర్థం చేసుకుంటుంది. అర్థం చేసుకోలేనిది ఫ్లైట్‌ను రెండు ముక్కలు చేస్తుంది, లేదా 24 గంటలు వెనక్కి వెళ్లిందని చూపిస్తుంది. ఫైలులో టైమ్ వరస సరిగ్గానే ఉంటే ఫైలును ముట్టుకోకండి, వ్యూయర్ మార్చండి.

మొత్తం తేదీయే ఇరవై ఏళ్లు వెనక్కి ఉందంటే కారణం వేరు. జీపీఎస్ వారాలను 1024 వరకే లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. చివరిసారి 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కాని పాత రికార్డర్లు కొన్ని అప్పటి నుంచీ 1024 వారాలు వెనకటి తేదీ వేస్తాయి. 2025 అక్టోబర్ 17న ఎగిరిన ఫ్లైట్ 2006 మార్చి 3న జరిగినట్టు కనబడుతుంది. గుర్తుపట్టడానికి తేలికైన దారి: రెండు తేదీలకూ వారం ఒకటే, ఇక్కడ రెండూ శుక్రవారాలే.

మీ సరదాకు చూసుకోవడానికైతే కాపీలో తేదీ దిద్దుకోండి. పోటీకి పంపాలంటే మాత్రం దిద్దకండి, నిర్వాహకులకు విషయం చెప్పి అసలు ఫైలే ఇవ్వండి. తర్వాత ఫర్మ్‌వేర్ సంగతి తయారీదారును అడగండి.

6. ఎత్తు తప్పు

నాకు అందే ప్రశ్నల్లో సగం ఎత్తు గురించే. మూడు లక్షణాలుగా విడదీసి చూద్దాం.

ఎత్తు గ్రాఫ్ సున్నా దగ్గర అడ్డంగా గీసినట్టు ఉంది: నాలుగో అంచెలో చూసిన బి లైనులో మొదటి ఎత్తు 00000 ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైలు రాసిన ఫోన్‌లో బారోమీటర్ (గాలి పీడనం కొలిచే సెన్సర్) లేదన్నమాట. చాలా ఫోన్లలో ఉండదు. వ్యూయర్ మామూలుగా పీడనం ఎత్తునే చూపిస్తుంది కాబట్టి గ్రాఫ్ చచ్చినట్టు పడుకుంటుంది. సెట్టింగుల్లో ఎత్తు ఆధారాన్ని జీపీఎస్‌కు మార్చండి. ఒక్క క్లిక్‌తో ఫ్లైట్ లేచి కూర్చుంటుంది.

టేకాఫ్ ఎత్తు వంద మీటర్ల లోపు తేడాగా ఉంది: పీడనం ఎత్తును రికార్డర్ ఎప్పుడూ 1013.25 హెక్టాపాస్కల్ ప్రమాణంతోనే రాస్తుంది. ఆ రోజు నిజమైన సముద్రమట్ట పీడనం వేరుగా ఉంటుంది, దాన్నే క్యూఎన్‌హెచ్ అంటారు. నేలకు దగ్గర్లో ఒక్కో హెక్టాపాస్కల్‌కు 8 మీటర్లకు కాస్త ఎక్కువ తేడా వస్తుంది. ఆ రోజు క్యూఎన్‌హెచ్ 1005 అయితే ఫైలులో ఎత్తు సుమారు 65 మీటర్లు ఎక్కువగా ఉంటుంది. 1023 అయితే సుమారు 80 మీటర్లు తక్కువగా ఉంటుంది. వ్యూయర్‌లో క్యూఎన్‌హెచ్ వేసే చోటు ఉంటే వేయండి. లేదా టేకాఫ్ చోటు ఎత్తు ఇచ్చి దానికి సరిపెట్టమనండి.

ఇంత చిన్న తేడా కోసం ఎందుకీ శ్రమ అనిపించవచ్చు. ఎయిర్‌స్పేస్ (అనుమతి లేకుండా ఎగరకూడని ఆకాశ భాగం) హద్దుకు 50 మీటర్ల కిందుగా దాటినవాళ్లకు ఆ 65 మీటర్ల విలువ తెలుస్తుంది.

పీడనం ఎత్తు, జీపీఎస్ ఎత్తు పొంతన లేకుండా ఉన్నాయి: ఐజీసీ ఆమోదం ఉన్న రికార్డర్లు జీపీఎస్ ఎత్తును మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి లెక్కగట్టిన నునుపైన ఊహా తలం) నుంచి కొలుస్తాయి, సముద్రమట్టం నుంచి కాదు. ఈ రెండింటి మధ్య తేడా చోటును బట్టి మారుతుంది. జర్మనీలో జీపీఎస్ ఎత్తు సముద్రమట్టం లెక్క కన్నా సుమారు 40 నుంచి 50 మీటర్లు ఎక్కువ వస్తుంది. మన దేశంలో ఇది తలకిందులు. భారత ఉపఖండానికి దక్షిణాన సముద్రమట్టం ఆ ఊహా తలం కన్నా చాలా లోతున ఉంది. అందుకే దక్షిణాదిలో జీపీఎస్ ఎత్తు 70 నుంచి 90 మీటర్ల వరకు తక్కువ పడుతుంది. ఫైలు హెచ్ లైన్లలో హెచ్‌ఎఫ్‌ఏఎల్‌జీ అన్నది కనబడితే చదవండి. దాని పక్కన ఈఎల్‌ఎల్ ఉంటే దీర్ఘవృత్తజం, జీఈఓ ఉంటే సముద్రమట్టం.

గూగుల్ ఎర్త్‌లో మీ ట్రాక్ నేలలోకి దిగబడిపోయి కనబడితే తరచుగా కారణం ఇదే. గూగుల్ ఎర్త్ సముద్రమట్టం నుంచి లెక్కిస్తుంది, ఫైలు దీర్ఘవృత్తజం నుంచి ఇస్తోంది. మార్చేటప్పుడు ఆ తేడా కలపమనే ఆప్షన్ ఉంటే వాడండి, లేకపోతే పీడనం ఎత్తుతో మార్చి చూడండి.

7. చోటు తప్పు, వంకర గీతలు

మ్యాప్ తెరవగానే పశ్చిమాఫ్రికా పక్కన సముద్రం వస్తే, ఫైలులో సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం ఉన్న ఫిక్స్ కనీసం ఒకటి ఉంది. జీపీఎస్ లాక్ కాకముందే రికార్డింగ్ మొదలైనప్పుడు అలా పడుతుంది. వ్యూయర్ రెండు చోట్లనూ ఒకే తెరమీద చూపించాలని మ్యాప్‌ను అంత దూరం జరిపేస్తుంది. కాపీలో ఆ లైన్లు తీసేస్తే మ్యాప్ కొండ దగ్గరికి వచ్చేస్తుంది.

ట్రాక్ ఆకారం బాగానే ఉంది కానీ పదుల కిలోమీటర్లు పక్కకు జరిగి, అక్కడక్కడ తెగిపోయినట్టు ఉందంటే, డిగ్రీలూ నిమిషాలూ కలగాపులగం అయ్యాయి. సొంతంగా స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు తరచూ చేసే తప్పిది. 3203300 అంటే 32.033 డిగ్రీలు కాదు. నిమిషాలను 60తో భాగించాలి: 3.300ను 60తో భాగిస్తే 0.055, కాబట్టి 32.055 డిగ్రీలు. రెండు అంకెలూ దగ్గరగానే కనబడుతున్నాయి కదా, నేల మీద ఆ తేడా రెండున్నర కిలోమీటర్లు. నిమిషాలు 30 దగ్గరున్న చోట అది 22 కిలోమీటర్లు అవుతుంది.

థర్మల్‌లో (పైకి లేచే వెచ్చని గాలిలో) గుండ్రంగా తిరిగారు, తెరమీద త్రిభుజాలు కనబడుతున్నాయి: ఫిక్సుల మధ్య వ్యవధి ఎక్కువైంది. గ్లైడర్ ఒక చుట్టుకు 20 నుంచి 25 సెకన్లు తీసుకుంటుంది. పది సెకన్లకో ఫిక్స్ అయితే చుట్టుకు రెండో మూడో చుక్కలే పడతాయి. వాటిని కలిపితే గుండ్రం ఎలా వస్తుంది? ఇప్పుడున్న ఫైలుకు మందు లేదు. రికార్డర్‌లో వ్యవధి ఒకటి నుంచి నాలుగు సెకన్ల మధ్య పెట్టుకుంటే వచ్చే ఫ్లైట్ నుంచి గుండ్రాలే కనబడతాయి.

8. సగంలో ఆగిన ఫైలు

బ్యాటరీ అయిపోయినప్పుడు, ఫోన్ యాప్‌ను మధ్యలో చంపేసినప్పుడు ఫైలు చివరి బి లైను సగం దగ్గరే తెగిపోతుంది. జి లైన్లు అసలు ఉండవు. కాపీలో ఆ తెగిన లైను ఒక్కటి తీసేయండి, చాలా వ్యూయర్లు మిగతాదంతా చూపిస్తాయి. కానీ ఆ ఫైలుకు సంతకం రాదు. చేత్తో తెచ్చిపెట్టుకోలేం.

పవర్ పోయి మళ్లీ వచ్చి ఒకే ఫ్లైట్ రెండు ఫైళ్లుగా పడినప్పుడు వాటిని కలిపి ఒకటి చేయాలనిపిస్తుంది. చూసుకోవడానికైతే రెండో ఫైలులోని బి లైన్లను మొదటిదాని బి లైన్ల కింద అతికించవచ్చు, టైమ్ వరస తప్పకుండా చూసుకోండి. దానికి ముందు రెండు ఫైళ్ల ఐ లైన్లు ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి. పోటీకి మాత్రం రెండు అసలు ఫైళ్లనూ విడివిడిగా ఇవ్వండి.

9. తప్పు వ్యూయర్‌దే అయినప్పుడు

- మ్యాప్ ఖాళీగా ఉంది, ట్రాక్ గీత మాత్రం ఉంది: మ్యాప్ దిగలేదు. నెట్ చూడండి. ఆఫ్‌లైన్ మ్యాపులు వాడే సాఫ్ట్‌వేర్ అయితే ఆ ప్రాంతం మ్యాప్ వేరుగా దింపుకోవాలి. యూరప్ మ్యాప్ ఉన్నంత మాత్రాన హిమాచల్ కనబడదు.
- త్రీడీ నల్లగా ఉంది: బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేయండి, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. టూడీలో అంతా బాగుంటే ఫైలును అనుమానించకండి.
- గూగుల్ ఎర్త్ ఐజీసీని తెరవట్లేదు: అది నేరుగా తెరవదు. జీపీఎస్‌బేబెల్ వంటి దానితో కేఎంఎల్‌గా మార్చాలి.
- ఇంజిన్ వాడిన సమయం గుర్తించట్లేదు: ఐ లైనులో ఈఎన్‌ఎల్ అన్నది ఉందా చూడండి. అది శబ్దం కొలత, సున్నా నుంచి 999 వరకు. రికార్డర్ రాయకపోతే వ్యూయర్ కనిపెట్టలేదు.
- ఎయిర్‌స్పేస్ గీతలు లేవు: అవి ఐజీసీ ఫైలులో ఉండవు. వేరే ఫైలు లోడ్ చేయాలి.

ఇవన్నీ చూశాక కూడా మంచి ఫైలు తెరుచుకోకపోతే, అప్పుడు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ పెట్టండి.

10. రికార్డర్ నుంచి ఫైలే దిగకపోతే

మొదట కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లు చూడటానికి డేటా కేబుల్ లాగానే ఉంటాయి. ఒకసారి నేను ఇలాంటి కేబుల్‌తో ఒక పూట మొత్తం కుస్తీ పట్టాను. రికార్డర్ దీపం వెలుగుతూనే ఉంది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ రాదు. పక్కింటి అబ్బాయి ఫోన్ కేబుల్ పెట్టగానే పది ఫ్లైట్లు వరసగా కనిపించాయి. అప్పటి నుంచి డేటా కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి రికార్డర్ సంచిలోనే ఉంచుతున్నాను.

సీరియల్ పోర్ట్ ఉన్న పాత యంత్రాలకు యూఎస్‌బీ అడాప్టర్ డ్రైవర్, డివైస్ మేనేజర్‌లో కనబడే కామ్ పోర్ట్ నంబర్, సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చిన నంబర్ మూడూ కలవాలి. బాడ్ రేట్ (డేటా పంపే వేగం) కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. మెమరీ కార్డు వాడే యంత్రమైతే కార్డు ఫార్మాట్ ఫ్యాట్32 అవునో కాదో చూడండి.

11. వ్యూయర్‌లో బాగుంది, వ్యాలిడేషన్ ఫెయిల్

వ్యూయర్ చూసేది బి లైన్లను. వ్యాలిడేషన్ చూసేది జి లైన్లను. అందుకే ఒకటి బాగుండి ఇంకోటి ఫెయిల్ కావచ్చు. వ్యాలిడేషన్ చెప్పేది ఒకటే మాట, రికార్డర్ రాసిన తర్వాత ఫైలు మారిందా లేదా అని. ఫ్లైట్ మంచిదా చెడ్డదా అన్నది దాని పని కాదు.

ఫెయిల్ అయితే కంగారు పడకుండా ఈ వరసలో వెళ్లండి.

- రికార్డర్ నుంచి మళ్లీ కొత్తగా దింపండి. మొదటి అంచెలో మెమరీ చెరపవద్దన్నది ఇందుకే.
- దింపిన ఫైలును దేనిలోనూ తెరవకుండా నేరుగా వ్యాలిడేట్ చేయండి.
- అప్పుడు పాస్ అయితే మధ్యలో ఏదో సాఫ్ట్‌వేర్ ఫైలును మళ్లీ సేవ్ చేసింది. ఏ వ్యూయర్‌లోనైనా సేవ్ యాజ్ అన్నది వాడి ఉంటే అదే కారణం కావచ్చు.
- అప్పుడూ ఫెయిల్ అయితే వ్యాలిడేషన్ ప్రోగ్రామ్ మీ రికార్డర్ తయారీదారుదేనా చూడండి. ఒకరి యంత్రానికి ఇంకొకరి మాడ్యూల్ పనికిరాదు.
- అదీ సరిగ్గా ఉంటే ఇంకో రోజు ఫ్లైట్ ఒకటి పరీక్షించండి. అన్నీ ఫెయిల్ అవుతుంటే రికార్డర్ లోపలి భద్రతే పోయి ఉండవచ్చు. పెట్టె విప్పినా, చాలా యంత్రాల్లో లోపలి చిన్న బ్యాటరీ పూర్తిగా అయిపోయినా అలా జరుగుతుంది. అది తయారీదారు దగ్గరే సరిచేయించాలి.

12. వచ్చే ఫ్లైట్‌కు ముందు రోజు రాత్రి

- ఫోన్ యాప్‌లో, రికార్డర్‌లో పైలట్ పేరు ఇంగ్లీషులో ఉందా?
- ఫిక్సుల వ్యవధి 1 నుంచి 4 సెకన్ల మధ్య ఉందా?
- బ్యాటరీ నిండుగా ఉందా? ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను ఆపకుండా మినహాయింపు ఇచ్చారా?
- ఇంటి బాల్కనీలో అయిదు నిమిషాలు రికార్డు చేసి, ఆ ఫైలు దింపి, వ్యూయర్‌లో తెరిచి, వ్యాలిడేషన్ కూడా చేశారా?

పొద్దున టేకాఫ్ దగ్గర రికార్డర్ ఆన్ చేశాక, కదలకుండా రెండు మూడు నిమిషాలు ఆకాశం కనబడేలా పెట్టండి. ఫిక్స్ దొరికాకే హార్నెస్ బిగించుకోండి. దిగాక కూడా నిమిషం పాటు అలాగే ఉంచి, ఆ తర్వాత ఆఫ్ చేయండి. ల్యాండింగ్‌ను వ్యూయర్ గుర్తుపట్టడానికి కదలిక లేని ఆ కొన్ని ఫిక్సులే ఆధారం.